వీపు చూసే వేళ

ఆ వేసవిలో మా కాలనీలో సాయంత్రం కాగానే తలుపులన్నీ మూసుకునేవి. దొంగల భయం కాదు. ప్రతి ఇంట్లోనూ మనుషులు బట్టలు విప్పి ఒకరి ఒళ్ళు ఒకరు వెతుక్కునే వేళ అది. చెవుల వెనక, చంకల్లో, బొడ్డులో, మోకాళ్ళ వెనక మడతల్లో, జుట్టు కుదుళ్ళలో. రక్తం తాగే నువ్వుగింజంత పిడుదు ఎక్కడ నక్కి ఉంటుందో తెలియదు. అది కుట్టినా నొప్పి తెలియదు. తెలిసేసరికి ఒళ్ళు కాలిపోతూ ఉంటుంది.

మాది కలప కంపెనీ కాలనీ. కొండమీద కంపెనీ వరసలు వరసలుగా నాటిన చెట్లు, వాటి వెనక ఎవరూ నాటని అసలు అడవి, మధ్యలో రేకుల ఇళ్ళు, ఆఫీసు, మెస్సు, నేను పనిచేసే మొక్కల నర్సరీ. మా ఆయన చెట్లు కొట్టే ముఠాకి మేస్త్రీ. కిందికి దిగడానికి ఒకటే రోడ్డు. ఆ రోడ్డుకొక గేటు. గేటు దగ్గర మాటకంటే ముందు ఈల ఊదే ముసలి కాపలాదారు. అతన్ని అందరూ ఈలాయన అనేవారు.

ఎండలు ముదరకముందే మెస్సు వంటమనిషి పోయాడు. చెవి వెనక పట్టుకున్న పిడుదును గోళ్ళతో పీకి, వేళ్ళ మధ్య చిదిమి, ఆ చేత్తోనే నవ్వుకుంటూ ఉల్లిపాయలు తరగడం అందరూ చూశారు. తర్వాత కొద్ది రోజులకే మంచం పట్టాడు. వారం తిరక్కుండానే అయిపోయింది. ఆ తర్వాత ముఠాలో ఇంకో ఇద్దరికి జ్వరం తగిలింది. అప్పుడు కింది ఆసుపత్రి నుంచి వ్యానులో నర్సమ్మ వచ్చి, ఆఫీసు మెట్లమీద నిలబడి గొంతు పోయేలా చెప్పింది. లేత రంగు బట్టలు వేసుకోండి, పాకుతుంటే కనిపిస్తుంది. చేతులు నిండుగా ఉన్న చొక్కాలు వేసుకోండి, ప్యాంటు కాళ్ళు మేజోళ్ళలోకి దోపుకోండి. మేమిచ్చే మందు బట్టలకు పట్టించండి. దారి మధ్యలో నడవండి, గడ్డి రాసుకుంటూ పోవద్దు. రాలిన ఆకులమీద కూర్చోవద్దు, ఇంటి చుట్టూ ఒక్క ఆకు ఉండనివ్వొద్దు. పనినుంచి రాగానే బట్టలు మరిగే నీళ్ళలో వేసి స్నానం చేయండి. ఆ తర్వాత ఒళ్ళంతా వెతుక్కోండి. కనబడితే కిరసనాయిలు పొయ్యొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. సన్నమూతి చిమ్టాతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా, నిదానంగా పైకి లాగండి. వీపు ఎవరిది వాళ్ళకు కనబడదు కాబట్టి ఇద్దరిద్దరు జతలు కట్టండి.

పక్కింటి టైలరమ్మ, పెళ్ళయిన నాటినుంచి మా ఆయన నా వీపు వంక చూసిన పాపాన పోలేదు, పిడుదుల పుణ్యమా అని ఇప్పుడైనా చూస్తాడు అంది. ఆడవాళ్ళందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే నా ముఖం వంక చూస్తారు.

మా ఆయన అందరికీ మంచివాడు. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు ఆయనే వెళ్ళేవాడు. వంటమనిషి శవాన్ని మోసినవాళ్ళలో ఆయనా ఉన్నాడు. ఆయన కోపం నాకొక్కదానికే తెలుసు. అది నా వీపు దాటి ఎక్కడా కనిపించేది కాదు. ముఖంమీద గాని, చేతులమీద గాని ఏనాడూ దెబ్బ వేయలేదు. ఆ జాగ్రత్త ఆయనకుండేది. నడుముకు పెట్టుకునే బెల్టు తీసి, బకిల్ ఉన్న కొస బయటికి వచ్చేలా చేతికి చుట్టుకునేవాడు.

సాయంత్రం తలుపు గడియపెట్టి నా ఒళ్ళు ఆయనే వెతికేవాడు. చాలా శ్రద్ధగా వెతికేవాడు. కిటికీ దగ్గర నిలబెట్టి, జుట్టు పాయలు పాయలుగా తీసి, తాను కొట్టిన చోట్లమీదుగా వేళ్ళు పోనిచ్చి ఆగి ఆగి చూసేవాడు. ఒక్క పిడుదునూ వదల్లేదు. ఆ మాటకొస్తే ఆ వేసవి మొదట్లో నేను జ్వరం పడకుండా ఉన్నది ఆయన చలవే. ఆ వేళ్ళు వీపుమీద ఉన్నంతసేపూ నేను గోడమీది చెమ్మమరక వంక చూస్తూ నిలబడేదాన్ని.

మా అత్తయ్య వచ్చింది ఆ రోజుల్లోనే. కంటి ఆపరేషన్ అయింది, నాలుగు రోజులు కొడుకు దగ్గర ఉండి పోదామని వచ్చింది. వచ్చాక దారి మూసుకుపోయింది. ఆ జ్వరం మనిషినుంచి మనిషికి అంటదని నర్సమ్మ ఎంత మొత్తుకున్నా కింది ఊళ్ళవాళ్ళు వినలేదు. మా కొండ బస్సును రాళ్ళు అడ్డంపెట్టి ఆపేశారు. జనం పనులు వదిలి పారిపోతారని కంపెనీ కూడా గేటుకు తాళం వేసింది. బయటికి పోవాలంటే ఆఫీసు చీటీ కావాలి. చీటీ మగవాడి పేరున ఇస్తారు. పెళ్ళాం, తల్లి అందులోనే.

అత్తయ్యకు మాత్రం జైలుకు వచ్చినట్టు లేదు. కొత్త కళ్ళ మోజులో ఉంది. గోడమీద చీమ ఆడదో మగదో చెప్పేస్తానంటూ ఇల్లంతా తిరిగేది. దారిన పోయేవాళ్ళను నిలేసి కుశలమడిగేది. చుట్టూ ఆకులు ఊడ్చే పని తనమీద వేసుకుంది. ప్యాంటు మేజోళ్ళలోకి దోపుకుని చీపురు పట్టుకుని నిలబడి, నన్ను చూస్తే పక్షుల్ని తోలడానికి నిలబెట్టిన బొమ్మలా లేనూ అనేది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆయన చెయ్యి ఎత్తలేదు. బెల్టు తీసి తలుపు వెనక మేకుకు తగిలించేటప్పుడు మాత్రం ఒకసారి నా వంక చూసేవాడు. అంతే.

ఎండలు బాగా ముదిరాక ఉత్తరపు కొండ అంచున నిప్పు అంటుకుంది. మంట ఇటు దూకకుండా చెట్లు కొట్టి ఖాళీ బాట తీయడానికి ముఠా మొత్తం అక్కడే మకాం వేయాలన్నారు. బయల్దేరే ముందు ఆయన నన్ను వెనక గదిలోకి పిలిచాడు. ఒక గుండ్రటి అద్దం చేతికిచ్చాడు. గోడ అద్దానికి వీపుపెట్టి దీంట్లో చూసుకో, అలవాటవుతుంది అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అమ్మకు చూపించాల్సిన పనిలేదు."

సరేనన్నాను. వర్షాలు పడి అమ్మ వెళ్ళిపోయాక మనం పై క్యాంపుకు మారిపోదాం అని కూడా చెప్పాడు. అక్కడ ఒక్కటే ఇల్లు, చుట్టుపక్కల ఎవరూ ఉండరు, ప్రశాంతంగా ఉంటుంది. తను ఆఫీసులో అడిగాడట, వాళ్ళు ఒప్పుకున్నారట. మా మంచికోసమే అన్నట్టు ఎంతో మెత్తగా చెప్పాడు. ముఠా లారీ దుమ్ము కనబడకుండా పోయినా నేను ఆ అద్దం పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

ఆ సాయంత్రం అత్తయ్య స్నానం చేసి వచ్చి, ముందు నాది చూడమ్మాయ్, తర్వాత నీది చూస్తాను అంటూ కిటికీ దగ్గర వెనక్కి తిరిగి కూర్చుంది. చొక్కా జార్చింది. ముడతలు పడ్డ వీపు. ఆ ముడతల మధ్య నెలవంకల్లాంటి తెల్లటి మచ్చలు, పాతవి, ఎన్నో ఏళ్ళవి. నా చెయ్యి ఆగింది. నేనేమీ అడగకముందే ఆమె గుక్కతిప్పుకోకుండా అందుకుంది. చిన్నప్పుడు ఇస్త్రీపెట్టె వీపుమీద పడిందట. ఇస్త్రీపెట్టె అన్నిసార్లు ఎలా పడుతుందని నేను అడగలేదు. మెడ కింద, చెవుల వెనక, నడుము దగ్గర వెతికి, ఏమీ లేవత్తయ్యా అన్నాను.

నా వంతు వచ్చేసరికి నాకు సిగ్గన్నాను. ఆమె నవ్వింది. నేనూ ఆడదాన్నే కదే, నీ వీపుమీద నిధులేమైనా దాచావా అంది. మర్నాడూ అదే మాట. ఆ తర్వాత నవ్వడం మానేసింది. వంటమనిషి సంగతి మర్చిపోయావా అని కోప్పడింది. నేను అద్దాలున్నాయి కదా అని లోపలికి వెళ్ళి తలుపు మూసుకునేదాన్ని. ఒక అద్దంలో ఇంకో అద్దం, అందులో నా వీపు. కుడేదో ఎడమేదో తికమకపడేదాన్ని. చెయ్యి ఒకవైపు పోనిస్తే ఇంకోవైపు పోయేది. మరకలేవో మచ్చలేవో పిడుదేదో తెలియక కళ్ళు నొప్పెట్టేవి.

అలా రోజులు దొర్లాక ఒక పొద్దున రెక్కల ఎముకల మధ్య దురద మొదలైంది. ద్వారబంధానికి వీపు రాసుకున్నాను. పోలేదు. అద్దంలో నల్లటి చుక్క. మర్నాటికి అది పెసరగింజంత అయింది. చిమ్టాతో అందుకోవాలని చూశాను. భుజం విరిగిపోయేలా వెనక్కి వంచినా మొన దాని పక్కన చర్మాన్ని పట్టుకుంటోంది తప్ప దాన్ని పట్టుకోవడం లేదు. సగం తెగి తల లోపలే ఉండిపోతుందేమోనని భయం. అలా వదిలేస్తే జ్వరం. చూపిస్తే ఆయన. నర్సరీలో సంచుల్లో మట్టి నింపుతూ ఆ రోజంతా అదే ఆలోచన. అది నా రక్తం తాగుతూ ఉబ్బుతోంది. నేను సంచులు నింపుతున్నాను. మధ్యాహ్నానికి ఆముదం గింజంత అయినట్టు అనిపించింది. గంపలో సంచులు సర్దకుండానే ఇంటికి వచ్చేశాను.

అత్తయ్య గడపలో కూర్చుని మేజోళ్ళకు చిరుగు కుడుతోంది. ఏమిటీ వేళ అంది. నేను ఆమె ముందు వెనక్కి తిరిగి చతికిలబడి, చొక్కా బొత్తాలు విప్పి భుజాలమీదినుంచి జార్చాను.

ఆమె ఏమీ అనలేదు. ఎప్పుడూ మాట ఆగని మనిషి. ఎంతసేపటికీ ఆమె చేతులు నామీద పడకపోతే లేచి వెళ్ళిపోయిందేమో అనుకున్నాను.

"కదలకు," అంది చివరికి.

చిమ్టా చల్లగా తగిలింది. ఆమె తొందరపడలేదు. నర్సమ్మ చెప్పినట్టే చర్మానికి ఆనించి, తిప్పకుండా, నిదానంగా లాగింది. చర్మం గుడారంలా పైకి లేచి చటుక్కున వదిలింది. దాన్ని మూతబిగించే సీసాలో వేసింది. సబ్బునీళ్ళతో ఆ చోటు కడిగి మందు అద్దింది. అక్కడితో ఆగలేదు. తడిగుడ్డ పట్టుకుని మిగతా వీపంతా తుడిచింది. మురికేమీ లేని చోట్లు కూడా, ఒక్కో మచ్చనూ, మెల్లగా. ఒక చోట గుడ్డ ఆపి బొటనవేలు ఆనించింది.

"ఆ బెల్టు వాళ్ళ నాన్నది," అంది.

నా చొక్కా పైకి లాగి భుజాలు కప్పింది. వెళ్ళి పొయ్యిమీద టీ పెట్టింది.

ఆ తర్వాత రోజుల్లో ఆమె దారిన పోయేవాళ్ళను పలకరించడం మానేసింది. ఆకులు ఊడ్చేది, లోపలికి వచ్చేది, నా నుదుటిమీద చెయ్యి వేసి చూసేది. పిడుదు కుట్టాక కొన్నాళ్ళు జ్వరం కోసం కనిపెట్టుకుని ఉండాలి. జ్వరం రాలేదు. నాకు మాత్రం వేరే భయం పట్టుకుంది. ఎంతైనా కన్నతల్లి, కొడుకు వైపే మాట్లాడుతుంది, నేను చూపించానని ఆయనకు చెప్పేస్తుంది అనుకునేదాన్ని. ఆమె వంక చూడాలంటేనే జంకు. ఆమె కూడా నా వంక చూసేది కాదు. ఒకే ఇంట్లో ఇద్దరం గోడలు తడుముకుంటున్నట్టు తిరిగాం.

ఒకనాడు ఆఫీసువాళ్ళు కబురు తెచ్చారు. నిప్పు అదుపులోకి వచ్చింది, వారం చివరికి ముఠా దిగుతోంది. పై క్యాంపు సంగతి అప్పుడు అత్తయ్యకు చెప్పాను. ఆమె విని, ఆ ఇంటికి పక్కిళ్ళున్నాయా అని అడిగింది. లేవన్నాను.

మర్నాడు నర్సమ్మ వ్యాను వచ్చే రోజు. ఇంటింటికీ తిరిగి జ్వరాలు చూసి, ఉన్నవాళ్ళను అదే వ్యానులో కిందికి తీసుకుపోతుంది. ఆ వ్యానులో పోయేవాళ్ళకు ఆఫీసు చీటీ అక్కర్లేదు. అత్తయ్య పొద్దున్నే నన్ను మంచంమీద పడుకోబెట్టి దుప్పటి కప్పింది. నర్సమ్మ వచ్చి థర్మామీటరు నా నోట్లో పెట్టి పక్కవాళ్ళ తలుపు తట్టడానికి వెళ్ళగానే, అత్తయ్య దాన్ని తీసి టీ గ్లాసులో ముంచింది. నేను లేవబోతే భుజంమీద చెయ్యివేసి నొక్కింది.

నర్సమ్మ తిరిగి వచ్చి థర్మామీటరు కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. నన్ను చూసింది. గ్లాసు చూసింది.

"ఇంత జ్వరముంటే మనిషి బతకదు, పెద్దమ్మా."

"అయితే ఎంతుండాలో మీరే వేసుకోండి," అంది అత్తయ్య.

నర్సమ్మకు కోపం వచ్చింది. నిజంగా జబ్బుపడ్డవాళ్ళు ఉన్నారు, వ్యానులో చోటు లేదు అంటూ సంచి సర్దుకోబోయింది. అత్తయ్య ఆమెకు అడ్డం వెళ్ళలేదు. నన్ను లేపి కూర్చోబెట్టి, గోడవైపు తిప్పి, చొక్కా వెనకవైపునుంచి మెడదాకా ఎత్తి పట్టుకుంది. నాకు గోడ తప్ప ఏమీ కనిపించలేదు. సంచి కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"పిడుదు కుట్టింది నిజమేనా?" అని అడిగింది నర్సమ్మ.

అత్తయ్య సీసా తెచ్చి చూపించింది.

"అయితే చాలు," అంది నర్సమ్మ.

నాలుగు బట్టలు మూటకట్టుకోవడానికి కూడా అత్తయ్య ఒప్పుకోలేదు. జ్వరం మనిషి మూటతో వెళ్తే ఎవరైనా అనుమానిస్తారట. నేను ఆమె చెయ్యి వదల్లేదు. మీరూ రండి, తోడుకని చెప్పొచ్చు అని బతిమాలాను.

"నేనూ వస్తే వాడు ఇద్దర్నీ వెతుక్కుంటూ వస్తాడు. ఇక్కడ సమాధానం చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా."

ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏ బరువూ లేదు. పొయ్యి ఆర్పానో లేదో అన్నట్టు చెప్పింది. వ్యానులో నాతోపాటు నిజంగా జ్వరంతో మూలుగుతున్న కుర్రవాడు ఒకడు ఉన్నాడు. గేటు దగ్గర ఈలాయన ఈల వేసి ఆపాడు. లోపలికి తొంగిచూశాడు. మేస్త్రీగారి భార్య కదూ, ఆయన వస్తే ఏం చెప్పమంటారు అని అడిగాడు. జ్వరమని చెప్పు అంది నర్సమ్మ ముందు సీటులోనుంచి. తాళం తీసిన చప్పుడు, గొలుసు జారిన చప్పుడు. రోడ్డు మలుపులు తిరుగుతున్నంతసేపూ నేను వెనక అద్దంలోనుంచి చూస్తూనే ఉన్నాను. ఎవరూ రావడం లేదు. అయినా చూస్తూనే ఉన్నాను.

ఆసుపత్రిలో ఆడవాళ్ళ వార్డులో ఒక మంచం ఇచ్చారు. ఆ వార్డులోకి మగవాళ్ళను రానివ్వరు. జ్వరం వస్తుందేమో చూడాలని రాసి నర్సమ్మ నన్ను అక్కడే ఉంచింది. డాక్టరమ్మ వచ్చి వీపు చూసి, ఒక్కో మచ్చనూ కాగితంమీద బొమ్మ వేసుకుంది. మందు రాయడానికి ఆయా చూసింది. ఎవరూ ఏమీ అడగలేదు. నేను పగలంతా పడుకునేదాన్ని. నిద్ర కాదు. తలుపు తోసిన చప్పుడైనప్పుడల్లా దుప్పటి మీదికి లాక్కునేదాన్ని.

ఆయన ముఠా దిగిన రెండోనాడే వచ్చాడు. వార్డు కిటికీ వరండాలోకి ఉంటుంది, ఇనప ఊచలు. ఆయన ఊచలకవతల నిలబడ్డాడు. ఎండకు కమిలిపోయి, కనుబొమలు మంటకు మాడి ఉన్నాయి. చేతిలో పళ్ళ సంచి. ఆయాను ఎంతో మర్యాదగా పలకరించి, ఎలా ఉందండీ మా ఆవిడకు అని అడిగాడు. ఆమె అటు వెళ్ళాక ఊచలకు దగ్గరగా వచ్చాడు. గొంతు అదే, మెత్తగా.

"నీ వీపు ఎవరు చూశారు?"

నేను మంచంమీద కూర్చుని ఉన్నాను. అబద్ధం చెప్పాలంటే ఏ అబద్ధమూ తట్టలేదు.

"అందరూ చూశారు," అన్నాను.

ఆయన ముఖంలో ఏదో కదిలింది. కోపం కాదు. నడివీధిలో తన బట్టలు జారిపోయిన మనిషిలా చుట్టూ చూశాడు. వరండాలో నడిచిపోతున్న నర్సుల్ని, బల్లమీద కూర్చున్న డాక్టరమ్మను, బకెట్టు పట్టుకున్న ఆయాను. వాళ్ళెవరూ ఆయన వంక చూడటం లేదు. పళ్ళ సంచి కిటికీ గట్టుమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన బూట్ల చప్పుడు మెట్లు దిగేదాకా నేను కదల్లేదు. ఆ తర్వాత ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. ఆయా నిజంగానే జ్వరం వచ్చిందనుకుని థర్మామీటరు తెచ్చింది.

జ్వరం రానేలేదు. వానలు మొదలయ్యాక ఆ ఆసుపత్రి బట్టలుతికే చోటే నాకు పని ఇప్పించారు. వెనక సందులో మేడమీద ఒక గది దొరికింది. తలుపుకు గడియ లోపలివైపు ఉంది. మొదట్లో రోజూ అది పెట్టానో లేదో లేచి లేచి చూసుకునేదాన్ని.

కొండ బస్సు మళ్ళీ తిరగడం మొదలైనాక అత్తయ్య వచ్చింది. చిక్కిపోయింది. గది నాలుగు మూలలా కలయజూసి, కిటికీ పెద్దదే అంది. ఆమెకు టీ ఇచ్చి నేను కింద కూర్చున్నాను. మిమ్మల్ని ఏమైనా చేస్తున్నాడా అని అడిగాను. నన్నేం చేస్తాడు, మాట్లాడడం మానేశాడు, మూగవాడితో కాపురంలా ఉంది అని నవ్వింది. పై క్యాంపుకు వెళ్ళలేదట. ఈ వయసులో నేను కొండెక్కలేనని అక్కడే భీష్మించుకుని కూర్చుందట. నన్ను పంపింది తనేనని వాడికి మొదటిరోజే చెప్పేసిందట.

తర్వాత ఏం జరిగిందో చెప్పలేదు. నేను ఎన్నిసార్లు అడిగినా మాట దాటేసింది.

ఇక్కడే ఉండిపొండి అన్నాను. గది ఇద్దరికి సరిపోతుంది, నాకు వచ్చేది చాలు. ఆమె టీ గ్లాసు రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చుంది.

"నీది పెళ్ళి. నాది పేగు," అంది. గ్లాసు కింద పెట్టి, "రేపు ఇంకెవరినైనా తెచ్చుకుంటాడు. ఆ పిల్ల వచ్చేసరికి ఆ ఇంట్లో నేనుండాలి."

ఆ సాయంత్రం బస్టాండు దాకా వెళ్ళాను. సన్నగా జల్లు పడుతోంది. ఆమె బస్సెక్కి, తడిసిన కిటికీ పక్క సీటు చేత్తో తుడుచుకుని కూర్చుంది. నేను కిందినుంచి చెయ్యెత్తాను. బస్సు ఇంకా కదలనేలేదు, అప్పుడే పక్కసీటు ఆవిణ్ణి ఏ ఊరని అడుగుతోంది. ఆవిడ ఏదో చెబుతుంటే తలూపుతూ వింటోంది. కండక్టరు తలుపు లాగి మూశాడు.

బస్సు కొండ రోడ్డు వైపు తిరిగింది.